చెట్టు కూలితేనే కొత్త చెట్టు వస్తుందా? మన అడవుల పునరుత్పత్తిపై తరచుగా అడిగే ప్రశ్నలు

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లా తాడ్వాయి – మేడారం మధ్య అడవిలో పెనుగాలి వీచింది. కొద్ది గంటల్లోనే వేల చెట్లు పడిపోయాయి. తొలి అంచనాల్లో 500 ఎకరాలు, 50 వేల చెట్లు అన్నారు. ఆ ఫొటోలు చూసిన ప్రతి ఒక్కరికీ కడుపులో దేవినట్టయింది. నేను హనుమకొండలో ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పాను. ఏటా పిల్లల్ని పాకాలకో, తాడ్వాయికో తీసుకెళ్లేవాణ్ణి. ఆ గాలి తర్వాత నా పాత విద్యార్థులు, వాళ్ల పిల్లలు, మేడారం దారిలో పరిచయమైన గూడెం వాళ్లు ఒక్కటే అడుగుతున్నారు: "సార్, అడవి పోయినట్టేనా? లేక చెట్టు పడితేనే కొత్త చెట్టుకు చోటు దొరుకుతుందంటారు కదా, అది నిజమా?" ఆ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబు రాయాలని ఈ ప్రయత్నం.

పుస్తకాల్లో "గ్యాప్" అంటారు. అదేమిటి?

అడవిలో నిలబడి తల పైకెత్తితే కొమ్మలూ ఆకులూ కలిసి పందిరిలా కనిపిస్తాయి. ఒక పెద్ద చెట్టు పడిపోయినా, నిలువునా ఎండిపోయినా, పెద్ద కొమ్మ విరిగినా ఆ పందిరికి చిల్లు పడుతుంది. ఆ చిల్లే గ్యాప్. 1982లో బ్రోకా అనే శాస్త్రవేత్త దానికి ఒక కొలత పెట్టాడు. పై నుంచి కిందికి, నేలకు సుమారు 2 మీటర్ల ఎత్తు దాకా ఏ అంతస్తులోనూ ఆకు అడ్డం లేకపోతేనే గ్యాప్ అనాలన్నాడు. మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తు అనుకోండి. అడవిలో తిరిగి కొలతలు తీసుకునేవాళ్లకు ఇది బాగా పనికొచ్చింది. కానీ చిల్లు పడిన చోటే కాదు, దాని చుట్టుపక్కల కూడా ఏటవాలుగా వెలుగు పడుతుంది. కాబట్టి ఇక్కడిదాకా గ్యాప్, ఇక్కణ్నుంచి అడవి అని గీత గీయడం నిజానికి కుదరదు.

సూటిగా చెప్పండి. కొత్త చెట్టుకు గ్యాప్ కావాలా, వద్దా?

మొలకెత్తడానికి చాలా చెట్లకు అక్కర్లేదు. ఎదిగి పెద్ద చెట్టు కావడానికి చాలా వాటికి కావాలి, లేదా ఉంటే బాగా పనికొస్తుంది. ఇది వానలు ఏడాదంతా పడే దట్టమైన అడవుల సంగతి. ఏటా ఆకు రాల్చే మన అడవుల్లో ఆ రెండో మాట కూడా సగమే నిజం. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

గ్యాప్ అంత ముఖ్యమని మొదట ఎవరన్నారు?

1938లో ఆబ్రెవిల్ అనే ఫ్రెంచి అటవీ శాస్త్రవేత్త పశ్చిమ ఆఫ్రికాలో, ఐవరీ కోస్ట్ అడవుల్లో ఒక విచిత్రం గమనించాడు. పైన ఉన్న మహా వృక్షాల పిల్లలు వాటి కింద కనిపించలేదు. కింద ఉన్న మొక్కలు వేరే జాతులవి. అంటే అడవి ఒకే తీరుగా నిలబడి ఉండదు, ముక్కలు ముక్కలుగా మారుతూ ఉంటుంది, ఈ రోజు ఇక్కడున్న జాతుల గుంపు రేపు ఇంకోచోట ఉంటుంది అన్నాడు. 1947లో బ్రిటన్‌లో వాట్ అనే ఆయన దీన్ని ఇంకా పకడ్బందీగా చెప్పాడు. చెట్టు పడటం, ఖాళీలో మొలకలు రావడం, ఎదగడం, ముదరడం, మళ్లీ పడటం – అడవిలో ప్రతి ముక్కా ఈ చక్రంలో ఏదో ఒక దశలో ఉంటుందని ఆయన వివరించాడు.

1970లు, 80లు వచ్చేసరికి ఈ ఆలోచన ఉష్ణమండల అడవుల అధ్యయనాన్ని పూర్తిగా కమ్మేసింది. చెట్లను రెండు గుంపులు చేశారు. వెలుగు పడితే తప్ప గింజ మొలకెత్తనివి ఒకటి. నీడలోనే మొలిచి, కదలకుండా ఏళ్లు ఓపిక పట్టేవి రెండోది. మొదటి గుంపు గింజలు చాలా చిన్నవి, మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. ఆకుల గుండా వడకట్టిన వెలుగులో ఎరుపు తక్కువ ఉంటుంది. ఆ తేడాను గింజ కనిపెట్టి "ఇంకా పైన పందిరి ఉంది" అని ఊరుకుంటుంది. పందిరి పోయిన రోజు దానికి తెలుస్తుంది. ఈ ముక్క చెప్పినప్పుడల్లా క్లాసులో పిల్లల కళ్లు పెద్దవయ్యేవి, నాకూ ఇప్పటికీ ఆశ్చర్యమే.

మరి అందరూ ఒప్పుకున్న విషయానికి వాదన ఎందుకు?

లెక్క వేసి చూసినప్పుడు అనుకున్నట్టు రాలేదు కాబట్టి.

పనామా కాలువ కోసం నదికి కట్ట కట్టి చెరువు చేసినప్పుడు ఒక గుట్ట పైభాగం ద్వీపంలా మిగిలింది. పేరు బారో కొలరాడో. అక్కడ 1980ల మొదట్లో హబ్బెల్, ఫాస్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 50 హెక్టార్ల అడవిలో, కాండం ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి మొక్కకూ నంబరు వేయించారు. సుమారు 300 జాతులు, లక్షల మొక్కలు! కొన్నేళ్లకోసారి మళ్లీ అన్నిటినీ వెతికి కొలుస్తారు. ఒక్క టేపు పట్టుకుని ఒక్క చెట్టు చుట్టుకొలత తీసిన వాళ్లకు కూడా అదెంత చాకిరీయో తెలుస్తుంది.

1999లో హబ్బెల్ బృందం 1,200కు పైగా గ్యాప్‌ల వివరాలతో ఫలితం ప్రకటించింది. గ్యాప్‌లో మొక్కల సంఖ్య ఎక్కువ, అది నిజం. కానీ ఒక నూరు మొక్కలు తీసుకుంటే, వాటిలో ఎన్ని జాతులున్నాయి అన్న లెక్కలో గ్యాప్‌కూ, నీడకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకంటే వెలుగు పడిన చోటికి ఆ వెలుగు కోసం చూసే జాతి గింజ చేరాలి కదా. చాలాసార్లు చేరదు. కాబట్టి ఖాళీ ఏర్పడిన రోజున అక్కడ ఎవరుంటే వాళ్లదే ఆ జాగా. బస్సులో ఖాళీ అయిన సీటు పక్కన నిలబడ్డవాళ్లకు దొరికినట్టు.

రెండేళ్లకు, 2001లో, ష్నిట్జర్, కార్సన్ అనే ఇద్దరు అదే అడవిలో ఇంకో కోణం చూపించారు. తీగలకూ, వెలుగును పట్టుకుని త్వరగా ఎదిగే చెట్లకూ గ్యాప్ నిజంగానే ప్రాణం, ఆ గుంపుల వైవిధ్యం గ్యాప్‌ల వల్లే నిలుస్తోంది అన్నారు. మిగతా ఎక్కువ జాతులు, అంటే నీడను ఓర్చేవి, మొలవడం వరకు గ్యాప్ మీద ఆధారపడవు. కానీ వాటి మొక్క కూడా వెలుగు దొరికితే వేగం పుంజుకుంటుంది. నాకు అర్థమైనంత వరకు ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. "ఆధారపడటం" అనే ఒక్క మాటలో మొలవడం, బతకడం, ఎదగడం అనే మూడు వేర్వేరు విషయాలు కలిపేయడం వల్లే ఇంత గందరగోళం.

అవన్నీ పనామా, ఆఫ్రికా. మన ఏటూరునాగారం, పాకాల అడవులకు ఇవి వర్తిస్తాయా?

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఈ ప్రశ్నకే.

ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవిలో నేల మీద పడేది పైన ఉన్న వెలుగులో నూటికి ఒకటో రెండో వంతు. అక్కడ మొక్కకు ఆకలి అంటే వెలుగు ఆకలే. అందుకే అక్కడ పుట్టిన సిద్ధాంతం గ్యాప్ చుట్టూ తిరిగింది. మన అడవి అలాంటిది కాదు. టేకు, నల్లమద్ది, చిరుమాను, గుంపెన, ఏగి, తునికి, ఇప్ప, మోదుగ – ఎక్కువ భాగం ఆకు రాల్చేవే. మార్చిలో తాడ్వాయి దారిలో వెళ్లి చూడండి. నెత్తి మీద ఎండ నేరుగా నేలకు తగులుతుంది. అడవి మొత్తం ఒకే పెద్ద గ్యాప్.

కానీ ఆ ఎండ మొక్కకు పనికిరాదు. వెలుగు ఉన్నప్పుడు నేలలో నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు పైన పందిరి మూసుకుంటుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మన అడవి సగం అర్థమవుతుంది. వానాకాలం నాలుగు నెలల్లోనే మొలకెత్తాలి, ఆకులు వేయాలి, వేరు దించాలి. అప్పుడు నీడ కూడా ఉంటుంది కానీ అది పనామా నీడంత చిక్కటిది కాదు. తర్వాత ఎనిమిది నెలలు బతికి బట్టకట్టాలి. ఆ ఎనిమిది నెలల్లో మొక్కను చంపేవి నాలుగు: ఎండ, మంట, పశువులు, గడ్డి.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. మన దగ్గర మరీ పెద్ద ఖాళీ పడితే నేల పైపొర ఎండకు మాడిపోతుంది. గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. ఆ గడ్డి ఫిబ్రవరికి ఎండి, నిప్పురవ్వ పడితే మంట అంతెత్తు లేస్తుంది. వెలుగు కోసం తెరుచుకున్న జాగానే మొలకలకు చితి అవుతుంది. అందుకే మా తరగతిలో నేను "గ్యాప్ మంచిదా చెడ్డదా" అని అడగనిచ్చేవాణ్ణి కాదు. ఎంత పెద్దది, ఏ నెలలో పడింది, ఆ తర్వాత వేసవిలో మంట వచ్చిందా అని అడగమనేవాణ్ణి.

మన దేశంలోనే తమిళనాడులోని ముదుమలై ఆకురాల్చే అడవిలో, పనామా తరహాలోనే 50 హెక్టార్ల గడిలో 1988 నుంచి లెక్కలు తీస్తున్నారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు రామన్ సుకుమార్ దాన్ని నడిపించారు. అక్కడ చిన్న మొక్కల చావుబతుకుల్ని తేల్చే వాటిలో మంటలకూ, ఏనుగులకూ పెద్ద పాత్ర ఉంది. మనకు ఏనుగుల్లేవు. మంటలున్నాయి, మందలున్నాయి.

టేకుకు ఎండ కావాలంటారు. మరి అది గ్యాప్ చెట్టే కదా?

టేకు వెలుగును కోరే చెట్టే, అందులో అనుమానం లేదు. పెద్ద చెట్టు నీడలో టేకు మొక్క బాగుపడదు. అయినా దాని బతుకుతీరు "గ్యాప్ పడింది, మొలిచింది, ఎదిగింది" అన్నంత తేలిక కాదు.

టేకు కాయకు రాయిలాంటి గట్టి పొర. నర్సరీల్లో దాన్ని నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి మొలకెత్తిస్తారు. అడవిలో ఆ పని వానా ఎండా కలిసి చేస్తాయి. మొలిచిన మొక్క మొదటి ఎండాకాలానికి పైనంతా చచ్చిపోతుంది. చూసినవాళ్లు పోయిందనుకుంటారు. కింద వేరు మాత్రం బతికి ఉంటుంది. వానకు మళ్లీ చిగురు, వేసవికి మళ్లీ చావు. ప్రతి ఏడూ వేరు లావెక్కుతుంది. ఏదో ఒక ఏడు ఆ వేరులో చేరిన బలంతో ఒకే ఒక్క రెమ్మ సరాసరి పైకి దూసుకొస్తుంది, మంట అందనంత ఎత్తుకు పోతుంది. అప్పటికి గానీ అది చెట్టు అనిపించుకోదు. ఏగి మొక్క కూడా ఇంతే.

కాబట్టి మోకాలెత్తు టేకు మొక్కను చూసి "ఈ ఏడాదిదే" అనుకోకండి. దాని వేరు వయసు మీ ఇంట్లో బడికెళ్లే పిల్లవాడి వయసంత ఉండొచ్చు. ఒకసారి పస్రా దాటాక దారి పక్కన మట్టి కోసుకుపోయి అలాంటి వేరు బయటపడింది. పైన బెత్తెడు రెమ్మ, కింద నా బొటనవేలికి రెండింతల లావు వేరు. ఆ రోజు పిల్లలకు ఇంకేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

గింజ లేకుండా కూడా చెట్లు వస్తాయా?

వస్తాయి, మన అడవిలో బాగా ఎక్కువగా వస్తాయి. నరికిన టేకు మోడు నుంచి పిలకలు రావడం అందరూ చూసిందే. తునికి, మోదుగ వేళ్ల నుంచి కూడా పిలకలు వేస్తాయి. తునికాకు కోత కోసం వేసవికి ముందు పొదలు కొట్టేది అందుకే, కొట్టిన కొద్దీ కొత్త చిగురు వస్తుంది. చిరుమాను గింజల్లో మొలకెత్తేవి చాలా తక్కువ, దానికి పిలకలే ఆధారం. ఇలాంటి చెట్లకు గ్యాప్ సిద్ధాంతం అసలు అతకదు. వాటి రేపటి చెట్టు ఇప్పటికే నేల కింద ఉంది.

ఇప్ప సంగతి వేరు. గింజ రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. పువ్వు కోసం చెట్టు కింద ఆకులు కాలుస్తాం, తర్వాత నూనె కోసం గింజ ఏరుకుంటాం. ఇది కోయ గూడేల బతుకుతెరువు, తప్పు పట్టే హక్కు మనకు లేదు. కానీ పొలం గట్ల మీద తాతల నాటి ఇప్పలున్నా పక్కన పిల్ల ఇప్ప ఎందుకు లేదని అడిగితే జవాబు వెలుగులో లేదు, ఇక్కడుంది. గూడేనికి పది గింజలు వదిలేసి, పది మొక్కల చుట్టూ ముళ్లకంప వేస్తే చాలు.

మర్రి, రావి?

వాటికి గ్యాప్‌తో పని లేదు. పిట్ట రెట్టలో గింజ తాటిచెట్టు మట్టల సందులో పడుతుంది, వెలుగులోనే పుడుతుంది, అక్కణ్నుంచి వేరు కిందికి దిగుతుంది. తాటిని చుట్టేసిన రావి లేని ఊరు మన జిల్లాల్లో ఉందా?

వెదురు కట్టలు పూసి ఎండిపోతే ఏమవుతుంది?

వెదురు దశాబ్దాలకోసారి గుంపంతా ఒకేసారి పూసి, గింజ కాసి చచ్చిపోతుంది. అప్పటిదాకా దాని కింద చీకట్లో ఉన్న చెట్ల మొక్కలకు ఒక్కసారిగా వెలుగు వస్తుంది. ఇది పైపందిరి కదలకుండా కింది అంతస్తులో పడే గ్యాప్. వెదురు మొలకలు కూడా అప్పుడే దట్టంగా వస్తాయి కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది. ఎండిన బొంగులు మంటకు మంచి మేత, ఆ రెండు మూడు వేసవులు కాపలా కాయాలి.

అయితే తాడ్వాయిలో చెట్లు పడిన చోట అడవి తిరిగొస్తుందా?

వేళ్లు, మోళ్లు, మొక్కలు మిగిలిన చోట వస్తుంది. మంటను ఆపగలిగితే త్వరగా వస్తుంది.

అక్కడ చెట్లు రెండు రకాలుగా పడ్డాయి. కొన్ని మధ్యకు విరిగాయి, కొన్ని వేళ్లతో సహా లేచిపోయాయి. విరిగిన చెట్టుకు మోడు బతికే ఉంటుంది కాబట్టి పిలకలు వేస్తుంది. పెళ్లగించుకుపోయిన చెట్టు దగ్గర గుంత పడి, లోపలి మట్టి పైకి వస్తుంది. ఆకుచెత్త లేని ఆ ఉత్త మట్టి మీద చిన్న గింజల జాతులు మొలుస్తాయి. వేళ్లలో ఒక పక్క ఇంకా నేలలోనే ఉంటే పడిపోయిన చెట్టు కూడా పక్కకు పడుకునే నిలువుగా కొమ్మలు వేస్తుంది.

ఇక్కడ చెట్లు పడింది ఒకటీ రెండూ కాదు. బారో కొలరాడోలో గ్యాప్ అంటే మన ఇంటి వాకిలంత, మహా అయితే ఊళ్లో బడి ఆవరణంత. ఇక్కడ పడింది వందల ఎకరాలు. అంత వెడల్పులో చుట్టుపక్కల చెట్ల గింజలు నడిమధ్య దాకా చేరడం కష్టం. అందుకే ముందు నుంచే నేలలో ఉన్న వేళ్లూ మొక్కలే అక్కడ దిక్కు. పడిన దుంగల్ని లాగే ట్రాక్టర్లు ఆ మొక్కల్నే తొక్కేస్తే పెద్ద నష్టం. ఎండిన కొమ్మలన్నీ అలాగే వదిలేస్తే వేసవిలో మంట భయం. రెండిటికీ మధ్య దారి పట్టాలి. దుంగలు లాగడానికి కొన్ని దారులు మాత్రమే పెట్టుకుని మిగతా నేలను వదిలేయాలి, సన్నకొమ్మల్ని కుప్పలు కాకుండా నేలకు అంటేలా పరిచి కుళ్లనివ్వాలి.

నాకు టెన్షన్ పెట్టేది లాంటానా, బయటి దేశం నుంచి వచ్చిన ముళ్లపొద. వెలుగు పడిన ఖాళీని అందరికంటే ముందు ఆక్రమించేది అదే. ఒకసారి పొద గుబురైతే కింద మద్ది మొలక బతకదు. మొదటి రెండు వానాకాలాల్లో పీకేయకపోతే తర్వాత పీకడం మన వల్ల కాదు.

ఖాళీల్లో మనమే మొక్కలు నాటొచ్చు కదా?

మంచి మనసుతో అడిగే ప్రశ్న, కానీ అదే మొదటి పని కాకూడదు. ముందు వానాకాలంలో వెళ్లి అక్కడ ఇప్పటికే ఏమున్నాయో లెక్క పెట్టాలి. సొంతంగా వచ్చిన మొక్కలకు దన్ను ఇవ్వడాన్ని అటవీ శాఖ వాళ్లు ఏఎన్ఆర్ (అసిస్టెడ్ నేచురల్ రీజనరేషన్) అంటారు. పని పెద్ద ఆడంబరంగా ఉండదు. ఒకే మోడుకు పది పిలకలొస్తే ఒకటో రెండో బలమైనవి ఉంచి మిగతావి తీసేయడం, మొక్కను చుట్టేసిన తీగ కోయడం, మంట పాకకుండా గీసే ఖాళీ పట్టీని, అంటే ఫైర్ లైన్‌ను, శుభ్రం చేయడం, మందను కొన్నేళ్లు మళ్లించడం. ఫొటోకు బాగుండదు, బోర్డు పెట్టడానికీ ఏమీ ఉండదు. కానీ పదేళ్ల వేరున్న మొక్క ముందు నర్సరీ కవర్లోంచి తీసిన మొక్క నిలబడలేదు. నిజంగా వేరూ మోడూ ఏమీ లేని చోట నాటండి, అక్కడి జాతులే నాటండి.

గ్యాప్ మంచిదైతే చెట్లు కొట్టి మనమే గ్యాప్‌లు చేస్తే?

ఈ మాట కలప కోసం అడిగేవాళ్లు అడుగుతారు. మన అడవిలో కొరత ఒక్క వెలుగుదే కాదని పైన చెప్పాను. పడిన చెట్టు అక్కడే కుళ్లి చెదలకు, పుట్టగొడుగులకు, నేలకు తిండవుతుంది. కొట్టిన చెట్టు లారీ ఎక్కుతుంది. తొర్రలున్న ముసలి చెట్టు పోతే గుడ్లగూబ, ఉడుత, తేనెపట్టు కూడా పోతాయి. శాస్త్రం పేరు చెప్పి దీన్ని సమర్థించడాన్ని నేను ఒప్పుకోను.

పోడు కూడా ఒక గ్యాప్ లాంటిదే అంటారు?

పాత తరహా పోడులో మోళ్లు ఉంచి, రెండు మూడు పంటలు తీసి, నేలను చాలా ఏళ్లు వదిలేసేవారు. అప్పుడు మోళ్లే మళ్లీ అడవయ్యేవి. ట్రాక్టరుతో దున్ని వేళ్లు పెకలించి ఏటా పత్తి వేసే భూమి గ్యాప్ కాదు, పొలం. హక్కుల సంగతి 2006 అటవీ హక్కుల చట్టంతో ముడిపడింది, అది వేరే చర్చ.

పిల్లలతో ఇవన్నీ కళ్లారా చూడాలంటే?

రేంజ్ ఆఫీసులో అనుమతి తీసుకోండి. పది అడుగుల తాడు నాలుగు ముక్కలు చాలు. ఒక చదరం పడిపోయిన చెట్టు పక్కన, ఇంకొకటి నిండు నీడలో వేయండి. రెండిట్లో చెట్ల మొక్కలు ఎన్ని, ఎన్ని రకాలు, ఎత్తెంత – ఇంతే రాయాలి. పేరు తెలియకపోతే ఆకు బొమ్మ గీయండి, గూడెంలో పెద్దవాళ్లకు చూపిస్తే పేరు చెప్తారు. ఒక్కసారి సెప్టెంబరులో, ఒక్కసారి ఏప్రిల్‌లో, మళ్లీ వచ్చే సెప్టెంబరులో అదే చోటికి వెళ్లండి. ఏప్రిల్‌లో చదరం దాదాపు ఖాళీగా కనిపిస్తే పిల్లలు దిగులుపడతారు. అప్పుడేమీ చెప్పకండి. వచ్చే సెప్టెంబరు దాకా ఆగమనండి. మూలల్లో మేకులకు బదులు రాళ్లు పాతండి, మేకుల్ని కోతులు పీకేస్తాయి.